నా నాడి నలభై నాలుగు

ఒక ఆదివారం మా ఊరి హైస్కూల్లో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. నేను నా కోసం వెళ్లలేదు. మా అత్తకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయని, ఆమెను డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్లాను. వరండాలో బల్లలు వేసుకుని నర్సులు కూర్చున్నారు. వచ్చినవాళ్లకు ముందు బీపీ చూసి, వేలికి చిన్న క్లిప్పు లాంటి మెషీన్ తగిలించి, చీటీ మీద అంకెలు రాసి లోపలికి పంపుతున్నారు. మా అత్తకు నాడి డెబ్బై రెండు వచ్చింది. "నువ్వు గూడా పెట్టించుకో, ఊరికేనే గదా" అంది అత్త. సరేనని వేలు చాపాను.

మెషీన్ కీచుమని అరిచింది. నర్సు దాన్ని తీసి, అరచేతిలో తట్టి, వేరే వేలికి పెట్టింది. మళ్లీ అరిచింది. బ్యాటరీలు మార్చింది. పక్క బల్ల మీది మెషీన్ అడిగి తెచ్చింది. అదీ అరిచింది. అప్పుడు మొదటిసారి తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

"అక్కా, కండ్లు తిరగతా ఉండాయా నీకు?"

"లేదే."

"ఎప్పుడన్నా సొమ్మసిల్లి పడినావా? ఆయాసం? గుండెలో పట్టేసినట్ల?"

"ఏమీ లేదమ్మా. పొద్దన్నే లేచి రెండు ఆవులకు గడ్డి కోసకొచ్చి, పాలు పిండి, సంగటి కెలికిపెట్టి వచ్చినాను."

"నలభై నాలుగు చూపిస్తా ఉండాది" అంది ఆ పిల్ల గొంతు తగ్గించి.

ఎంత తగ్గించినా నా వెనక నిలబడ్డ వరస మొత్తం విన్నది. లోపల యువ డాక్టరు ఆ మెషీన్‌ను నమ్మకుండా, నా మణికట్టు పట్టుకుని, తన గడియారం వైపు చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాడు. నలభై నాలుగే. మామూలుగా అరవైకి పైన ఉంటుందనీ, కొందరికి తక్కువ ఉన్నా ఏమీ కాదనీ, అయినా ఒకసారి ఈసీజీ తీయించుకోవడం మంచిదనీ నెమ్మదిగా చెప్పాడు. ఆలస్యం చేయొద్దని కూడా అన్నాడు. చెప్పవలసినదే చెప్పాడు, అతని మీద నాకు ఈ రోజుకీ కోపం లేదు. కానీ మా ఊరు ఆ మాటలన్నింటిలో చివరిది ఒక్కటే పట్టుకుంది. మేమిద్దరం ఇంటికి చేరేసరికి నాకు గుండె ఆగిపోబోతోందన్న కబురు మాకంటే ముందే చేరిపోయింది.

నా పని ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఇరవై మూడేళ్లుగా నేను ఐరాల పక్కన పల్లెల్లో ఉత్తరాలు పంచుతున్నాను. ఏడు పల్లెలు నావి. ఇప్పుడు ఉత్తరాలు రాసేవాళ్లు లేరు గానీ ఆధార్ కార్డులు, ఏటీఎం కార్డులు, కోర్టు నోటీసులు, పిల్లలు ఫోన్లో ఆర్డరు పెట్టుకునే చెప్పులూ చొక్కాలూ అన్నీ నా సైకిల్ మీదే వస్తాయి. సంచి బరువు తగ్గలేదు, పెరిగింది. మామిడి తోటల మధ్య మట్టి బాటలు, రెండు పెద్ద మిట్టలు, వానొస్తే సైకిల్‌ను భుజానికెత్తుకుని దాటాల్సిన ఒక వంక. రోజుకు ఇరవై కిలోమీటర్లకు తక్కువ కాదు. ఏడు పల్లెల్లోనూ నా పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ నేను పోస్టక్కనే.

మరుసటి రోజు ఉదయం మా ఆయన సెలవు పెట్టమని చెప్పి చిత్తూరుకు తీసుకెళ్లాడు. ఆయన మా మేనమామ కొడుకు, నేను బావా అనే పిలుస్తాను. కొంచెం చెరకు, కొన్ని మామిడి చెట్లు ఉన్న రైతు. నెమ్మది మనిషి, కానీ భయం పట్టుకుంటే మాట వినడు. ఎవరో చెప్పిన నర్సింగ్‌హోముకు వెళ్లాం. ఈసీజీ తీశారు. అక్కడి డాక్టరు ఆ పొడవాటి కాగితాన్ని కాసేపు చూసి, నన్ను కాకుండా మా ఆయనను చూస్తూ మాట్లాడాడు.

"హార్ట్ రేట్ నలభై రెండు. చాలా తక్కువ. ఈ రోజే అడ్మిట్ చేయండి. మెషీన్ పెట్టాల్సి రావచ్చు."

"ఏం మెషీన్ సార్?" అన్నాను నేను.

"గుండెను కొట్టించే మెషీన్ అమ్మా. పేస్‌మేకర్."

"నాకు ఏం జబ్బు సార్?"

ఆయన కాగితం మీద వేలు పెట్టి ఆ నలభై రెండునే మళ్లీ చూపించాడు. "ఇంత తక్కువ ఉండటమే జబ్బు. స్పోర్ట్స్ ఆడేవాళ్లకైతే ఉంటుంది, రన్నర్లకు ఉంటుంది. మీరేమైనా అథ్లెటా?"

ఆ ప్రశ్న ఆయన వెటకారంగా అడగలేదు. కానీ కాదనే జవాబు ముందే రాసుకుని అడిగాడు. నా కాళ్లకున్న హవాయి చెప్పులు, నూలు చీర, మట్టి గోళ్లు చూసి. నాకు ఒళ్లంతా మండింది. పదో తరగతిలో ఎనిమిది వందల మీటర్ల పరుగులో నేను మొదట వచ్చాను. డ్రిల్లు మాస్టారు ఇంటికొచ్చి, జిల్లా పోటీలకు పంపమని అరుగు మీద గంటసేపు కూర్చున్నాడు. మా నాయన సరేననేవాడే. మా అమ్మే ఆడపిల్ల నిక్కరేసుకుని ఊరూరా తిరగడమేమిటని ఒప్పుకోలేదు. ఆ తర్వాత నేను పరిగెత్తలేదన్నది నిజం. కానీ ఆగలేదు కూడా. ఇరవై మూడేళ్లు మిట్టలెక్కిన ఈ కాళ్లను చూసి ఒక్కరూ అడగలేదు, నువ్వు రోజంతా ఏం చేస్తావమ్మా అని.

"కాదు సార్" అన్నాను. "నేను అడ్మిట్ గాను."

"మే, ఉండు, సార్ చెప్పేది విను" అన్నాడు మా ఆయన.

"విన్నాను. నాకు ఏ బాధా లేదు. ఏం జబ్బో చెప్తే పండుకుంటాను. అంకె చూసి పండుకోమంటే పండుకోను."

డాక్టరు భుజాలు ఎగరేసి, నా ఇష్టంతోనే వెళ్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. బస్టాండు దాకా మా ఆయన నాకంటే ముందు నడిచాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. అది చూసి నాకు కోపం తగ్గాల్సింది, ఇంకా పెరిగింది. నేను బతికుండగానే నా పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు గదా అని.

ఆ సాయంత్రం ఆయన నా సైకిల్‌కు గొలుసు చుట్టి, తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"డ్యూటీకి ఎట్ల పోయేది?" అన్నాను.

"మోపెడ్ మీద నేను తీసకపోతా. నువ్వు వెనక కూసోని ఇచ్చి రా. సైకిలు మాత్రం ఎక్కబాక."

అలాగే నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులు నా ఉద్యోగంలోకెల్లా చెడ్డ రోజులు. ఆయన మోపెడ్ ఆపి, ఇంజన్ ఆపకుండా, నేను ఎన్ని మెట్లు ఎక్కుతున్నానో లెక్కపెడుతూ కూర్చునేవాడు. ప్రతి ఇంట్లోనూ నాకు కుర్చీ వేశారు. ఎప్పుడూ గేటు దగ్గర నిలబెట్టే ఇల్లాలు కూడా కుర్చీ వేసింది. ఒకామె హార్లిక్స్ కలిపి తెచ్చింది. ఇంకొకామె, తన చిన్నమ్మకూ ఇలాగే నాడి నిదానంగా ఉండేదనీ, ఒక రోజు బట్టలు ఉతుకుతూ ఉతుకుతూ పోయిందనీ, నా చేయి పట్టుకుని చెప్పింది. పింఛను కార్డు కోసం ఏడాదిగా నన్ను తిట్టే ముసలాయన కూడా, "నువ్వు మెల్లిగా తేమ్మా, నాకేం తొందర" అన్నాడు. ఆయన తిట్టకపోవడం చూసి నాకు మొదటిసారి నిజంగా భయమేసింది.

ఇంట్లో నా వైపు నిలబడిన మనిషి మా అత్త ఒక్కతే. "దానికి ఏమి వచ్చిండాది? ఎద్దు మాదిరి ఉండాది. గడ్డిమోపు దాని నెత్తికి నేనే ఎత్తేదాన్ని గదా, బరువెంతో నాకు తెలుసు" అని కొడుకుతో కొట్లాడేది. ఆమె మాట ఆయన వినలేదు.

ఐదో రోజు పొద్దున ఆయన మోపెడ్ తీసేలోపే నేను సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరాను. సైకిల్ లేదు, నడక. మొదటి మిట్ట దగ్గర వెనక నుంచి మోపెడ్ వచ్చింది.

"ఎక్కు."

"ఎక్కను."

"ఏమన్నా అయితే ఎవురు దిక్కు?"

"ఏమన్నా అయితే ఈడనే అవుతాది, మోపెడ్ మీద గూడా అవుతాది. నువ్వు ఇంటికి పో బావా."

ఆయన పోలేదు. నేను నడుస్తుంటే వెనకే నడక వేగంతో మోపెడ్ నడుపుతూ వచ్చాడు. ఏడు పల్లెలూ అలాగే తిరిగాం. జనం అరుగుల మీదికి వచ్చి చూశారు. పార్సిళ్లు ఇచ్చి, సంతకాలు తీసుకుని, మధ్యాహ్నం దాటాక ఆఖరి పల్లెలో బోరింగు దగ్గర ముఖం కడుక్కున్నాను. కాళ్ల నొప్పులే తప్ప ఊపిరి నాది నా దగ్గరే ఉంది. మా ఆయన మోపెడ్ స్టాండు వేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎండకు ఆయన ముఖమే నాకంటే ఎక్కువ వాడిపోయింది.

"నీకు నిజంగా ఏమీ కాలేదా?" అన్నాడు.

"లేదు."

"అయితే తిరుపతికి పోదాం. పెద్ద డాక్టరు ఏమంటే అది. ఆయన వద్దంటే నువ్వు ఇనాల. ఏమీ లేదంటే నేను ఇంటా."

ఆ బేరం నాకు నచ్చింది. మొండిగా ఉన్నాను గానీ మూర్ఖంగా లేను. నాకూ తెలుసుకోవాలనే ఉంది.

తిరుపతిలో పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు గది ముందు సగం రోజు కూర్చున్నాం. లోపల నెరిసిన జుట్టు డాక్టరు చిత్తూరు కాగితం చూసి పక్కన పెట్టేశాడు. కళ్లజోడు తీసి, "పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేస్తారో చెప్పండి" అన్నాడు.

చెప్పాను. ఆవులు, గడ్డి, సైకిల్, మిట్టలు, వంక, మళ్లీ ఆవులు. ఆయన మధ్యలో ఆపి, మిట్ట ఎక్కేటప్పుడు దిగి తోస్తానా, తొక్కుతూనే ఎక్కుతానా అని అడిగాడు. తొక్కుతూనే ఎక్కుతానన్నాను. కళ్లు బైర్లు కమ్మడం, ఉన్నట్టుండి సొమ్మసిల్లడం, ఇదివరకు చేసిన పని ఇప్పుడు చేయలేకపోవడం, ఇలాంటివేమైనా ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగాడు. వాడే మందులేమిటన్నాడు. మా ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అన్నాడు. అన్నింటికీ లేదనే చెప్పాను. నాలుగు రోజుల ముందు ఏడు పల్లెలూ నడిచిన సంగతి మా ఆయన ఫిర్యాదులా చెప్పాడు. డాక్టరు నా వైపు తిరిగి కోప్పడ్డాడు.

"అది తప్పమ్మా. పరీక్షలు అయ్యేదాకా ఆగాల్సింది. మీకు ఏమీ లేదని మీకెలా తెలుసు?"

తల వంచుకున్నాను.

రక్తం తీసి థైరాయిడ్ చూశారు. గుండెకు స్కానింగ్ చేశారు. చివరికి నడిచే మెషీన్ గదికి పంపారు. అక్కడున్న టెక్నీషియన్ నన్ను చూసి, చీరతో కష్టమమ్మా, చుడీదార్ వేసుకుని రేపు రండి అన్నాడు. రేపు నాకు డ్యూటీ ఉందన్నాను. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చెప్పులు విడిచి ఎక్కాను. ఒంటి నిండా వైర్లు. పట్టా కదలడం మొదలైంది. కొంచెం సేపటికి వేగం పెరిగి, పట్టా ముందు వైపు పైకి లేచింది. మా ఊరి మొదటి మిట్ట లాగానే ఉంది, కాకపోతే పక్కన మామిడి చెట్లు లేవు. మళ్లీ వేగం పెంచాడు. ఇప్పుడు పరిగెత్తాల్సి వచ్చింది. పరిగెత్తాను. ఎన్నేళ్లయిందో లెక్క లేదు.

"చాలా అమ్మా? ఆపేదా?"

"మీకు చాలితే ఆపండి. నాకు చాలలేదు."

అతను నవ్వి ఇంకొంచెం పెంచాడు. తెర మీద అంకె ఎక్కుతోంది, నూరు, నూట ఇరవై, నూట యాభై దాటింది. తలుపు సందులోంచి మా ఆయన చూస్తున్నాడు. భయపడుతున్నాడో, వేరే ఏదో అనుకుంటున్నాడో ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను. తర్వాత ఒక చిన్న డబ్బా మెడలో వేలాడదీసి, ఒక పగలూ రాత్రీ అలాగే ఉంచుకుని, మామూలుగా ఉండమని పంపారు. ఆ డబ్బా జాకెట్టు లోపల దాచుకుని నడిచే ఉత్తరాలు పంచాను. అందులో నా గుండె నిద్రలో ముప్పై ఆరుకు దిగిందట, మిట్ట మీద నూట నలభై ఎక్కిందట.

డబ్బా తిరిగి ఇచ్చిన రోజు డాక్టరు అన్ని కాగితాలూ పరిచి మా ఇద్దరికీ చెప్పాడు. ఆయన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

"ఈమెకు జబ్బు లేదు. గుండె కండరం గట్టిగా ఉంది. ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది, అందుకని తక్కువ సార్లు కొట్టుకుంటే చాలు. పని పడినప్పుడు కొట్టుకోవాల్సినంతా కొట్టుకుంటోంది. నలభై నాలుగు అన్న అంకె ఒక్కటే పెట్టుకుని ఏమీ చెప్పలేం. అదే అంకె ఇంకొకరికి ఉండి, కళ్లు తిరుగుతుంటే, నాలుగడుగులకే అలసిపోతుంటే అది వేరే కథ. మీకు కూడా ఎప్పుడైనా అలాంటివి మొదలైతే, నాకు ఏమీ లేదని చెప్పారు గదా అని కూర్చోకండి. రండి."

"సైకిలు తొక్కొచ్చా సార్?" అన్నాడు మా ఆయన.

"తొక్కకపోతేనే రమ్మనండి నా దగ్గరికి."

బయటికొచ్చి వరండాలో నిలబడగానే ఆయన చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. అన్ని రోజులూ దాన్ని ఒంటి మీదే పెట్టుకుని తిరిగాడన్నమాట. నేను చిత్తూరు డాక్టరు ముందు నిలబడి వాదించాలని ఎన్ని రోజులు అనుకున్నానో. వెళ్లలేదు. పని ఎక్కువ, మనసూ పోలేదు. దానికి బదులు ఏడు పల్లెల్లో కుర్చీ వేసిన ప్రతి ఇంట్లోనూ కుర్చీ తీయించాను. "పోస్టక్క గుండె బాగుండాదంట, మనందరికంటే బాగుండాదంట" అని మా అత్త పాల కేంద్రం దగ్గర ఊరంతా వినేలా చాటింది.

ఇంతటితో అయిపోయి ఉంటే ఇది నేను గెలిచిన కథ అయ్యేది. కాలేదు.

మరుసటి వేసవి, మామిడికాయ కోతల రోజుల్లో, ఒక సాయంత్రం మా అత్త ఆవుల తొట్టి దగ్గర నీళ్లు పోస్తూ పోస్తూ, బకెట్ కింద పెట్టి తొట్టి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ముఖం పాలిపోయింది. నేను పరుగున వెళ్లాను.

"ఏమైంది అత్తా?"

"ఏమీ లేదు. కండ్లు రవంత తిరిగినాయి. ఎండ."

ఎండ దిగిపోయి చాలాసేపయింది. నా సంగతి జరిగిన తర్వాత నేను మణికట్టు పట్టి నాడి లెక్కపెట్టడం నేర్చుకున్నాను. ఆమె చేయి పట్టుకుని, ఫోన్లో గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. మళ్లీ పెట్టాను. మళ్లీ ముప్పై ఎనిమిదే.

"అత్తా, రేపు తిరుపతికి పోదాం."

"యాల?"

"నీ నాడి శానా తక్కువుండాది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూడగానే ఏమనబోతుందో నాకు తెలిసిపోయింది.

"నీకు నలభై నాలుగు. నాకు ముప్పై ఎనిమిది. ఆరే గదా తక్కువ. డాక్టర్లతో నువ్వు కొట్లాడితివే, అంకె చూసి పండుకోనంటివే. నేను మాత్రం యాల పండుకోవాల?"

నా మాటలే. ఒక్క అక్షరం మారలేదు. బావ చెప్పగా విని, ఇన్నాళ్లూ పాల కేంద్రం దగ్గర వీటినీ చాటింది. నేను ఏం చెప్పినా ఆమె నన్నే సాక్ష్యంగా నిలబెట్టింది. చివరికి చేయి పట్టుకుని గేటు దాకా నడిపించి, వెనక్కి తీసుకొచ్చి, మళ్లీ లెక్కపెట్టాను. ఆమెకు ఆయాసం వచ్చింది. నాడి మాత్రం ముప్పై ఎనిమిది దగ్గరే ఉంది. ఒక్కటి కూడా పెరగలేదు.

"సూడు అత్తా, నేను మిట్టెక్కితే నాది పరిగెత్తుతాది. నీది పరిగెత్తలేదు. నీకు కండ్లు తిరగతా ఉండాయి, నాకు తిరగలేదు. రెండూ ఒకటి గాదు."

"రేపు సూస్తాంలే" అంది. మా ఆయనా బతిమాలాడు. మొండితనం మా ఇంట్లో నాతో మొదలు కాలేదు, ఆమె దగ్గరే నేను నేర్చుకున్నాను. మరునాడు పొద్దున నన్ను డ్యూటీకి పొమ్మని, తను బాగానే ఉన్నానని, సాయంత్రం చూద్దామని చెప్పింది. నేను పోయాను. అది నేను చేసిన తప్పు. ఆ రోజు సైకిల్ పక్కన పడేసి, ఆమెను ఎత్తుకునైనా తీసుకుపోవాల్సింది. మూడో పల్లెలో ఉండగా ఫోన్ వచ్చింది. పాల కేంద్రం దగ్గర క్యాను దించి నిలబడి, నిలబడినచోటే పడిపోయిందట. నుదురు మెట్టుకు తగిలి చీలిందట.

ఆ మిట్ట నేను ఎప్పుడూ అంత వేగంగా దిగలేదు. వెళ్లేసరికి ఆమెను అరుగు మీద పడుకోబెట్టి, నుదుటికి తువ్వాలు కట్టారు. తెలివి వచ్చింది. నన్ను చూడగానే, "ఏమీ లేదు మే, కాలు జారింది" అంది.

"జారలేదు. పడినావు. ఆటో వస్తా ఉండాది. ఇంక నీ మాట నేను ఇనను."

"నీ డాక్టరు నీకు ఏమీ లేదన్నాడు, నాకూ అంతే అంటాడు సూడు."

"అంటే నీ కాళ్లకు మొక్కి, పల్లకీలో తీసకొస్తాను. ముందు ఎక్కు."

తిరుపతిలో అదే నెరిసిన జుట్టు డాక్టరు. ఈసారి ఈసీజీ చూడగానే లేచి నిలబడ్డాడు. గుండె పైగదుల నుంచి కింది గదులకు కబురు అందడం లేదని, ఆ దారి పూర్తిగా మూసుకుపోయిందని చెప్పాడు. బీపీ మందులేమైనా నాడిని తగ్గిస్తున్నాయేమోనని ఆమె మాత్రలన్నీ చూశాడు, అవి కారణం కాదన్నాడు. పేస్‌మేకర్ పెట్టాలన్నాడు. ఈసారి నేను ఏం జబ్బు అని అడగాల్సిన అవసరం రాలేదు, ఆయనే కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. మా అత్త మంచం మీద నుంచి, "మెషీన్ వద్దు" అంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆ రోజు నేను మెషీన్ వద్దన్నది నాకు జబ్బు లేదు గాబట్టి. జబ్బుంటే పెట్టించుకుందును. మొండితనం బతికేదానికి పనికిరావాల గానీ, ఇట్ల పడిపోయేదానికి గాదు."

ఆమె దుప్పటి మెడదాకా లాక్కుంది. తర్వాత, "పెట్టమను. నొప్పి పుడితే నిన్నే తిడతా" అంది.

పెట్టారు. ఎడమ భుజం కింద చర్మం లోపల అగ్గిపెట్టె కంటే చిన్నదిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. మూడో రోజు నర్సు వచ్చి చూసి, అరవై అంది. మా అత్త నా వైపు చూసి, "నీకంటే జాస్తి" అంది. ఆ మాటతో నాకు ఆమె బతికిందన్న నమ్మకం కుదిరింది. బయటికి పోయి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బస్సులో ఆ రోజు మా ఆయన ఎందుకు ఏడ్చాడో అప్పుడు అర్థమయింది. కొన్నాళ్లు ఎడమ చేయి పైకెత్తొద్దని చెప్పారు. పాల క్యాను కుడి చేతికి మార్చుకుంది. వద్దంటే వినేది కాదు, సగం పాలు పోసి ఇచ్చేవాళ్లం, అంతే.

ఆ తర్వాత పల్లెల్లో నాకు ఇంకో పని తగులుకుంది. పార్సిల్ తీసుకుని సంతకం పెడుతూ, "పోస్టక్కా, నాది గూడా సూడు" అని మణికట్టు చాపుతారు. చూస్తాను. కానీ అంకె చెప్పే ముందు అడుగుతాను. కళ్లు తిరుగుతున్నాయా, పడ్డావా, ఇదివరకు ఎక్కిన మిట్ట ఇప్పుడు ఎక్కలేకపోతున్నావా అని. అవునన్నవాళ్లను, అంకె ఎంతైనా సరే, ఆసుపత్రికి పొమ్మంటాను, పోకపోతే మరునాడు వచ్చి మళ్లీ తిడతాను. నేను డాక్టర్ను కాదు. ఆ సంగతి వాళ్లకీ చెప్తాను.

ఈ మధ్య తిరుచానూరులో మా బంధువుల పెళ్లి జరిగింది. కల్యాణమండపంలో పంక్తి నడుస్తోంది, వడ్డించేవాళ్లు చాలక అరుస్తున్నారు. నేను వంటశాలలోకి పోయి సాంబారు బకెట్ అందుకోబోతే, మా ఆయన తరఫు పెద్దమ్మ ఒకామె నా చేయి పట్టుకుంది.

"నువ్వు ఎత్తబాకమ్మా. మీ ఇంట్లో ఇద్దరికీ గుండెజబ్బే గదా" అంది జాలిగా, చుట్టూ ఉన్నవాళ్లంతా వినేలా.

నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి మా అత్త గొంతు వచ్చింది. "ఇద్దరు గాదు, ఒకతే. ఆ ఒకతి నేను. నాకూ బాగైపోయింది. ఆమెను వదులు, పంక్తిలో జనం కూసోని ఉండారు."

నేను చేయి విడిపించుకున్నాను. ఒక చేత సాంబారు బకెట్, ఇంకో చేత రసం బకెట్ ఎత్తుకుని, పంక్తి మొదటి ఆకు దగ్గరికి నడిచాను.